సీటు రాలేదు... స్వామి కూడా వద్దన్నాడా?



ఈ వారం వీడియోలో అహోబిలం ప్రహ్లాద బడి గురించి చెప్పాను కదా. ఆ పన్నెండు నిమిషాల్లో ఒక సంగతి మాత్రం చెప్పకుండా దాటేశాను. కెమెరా ముందు చెప్పాలంటే గొంతు రాలేదు. రాస్తే కాస్త తేలికేమో అని ఇక్కడ రాస్తున్నా.

మా చిన్నమ్మ వాళ్లది మైదుకూరు దగ్గర పల్లె. చిన్నాయన పసుపు పండిస్తాడు. వాళ్లబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. ఒక రోజు రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేశాడు.

"అన్నా, పడుకున్నావా?"

"లేదు, చెప్పరా."

"అన్నీ అయిపోయినాయన్నా. ఒక్క చోటా రాలేదు."

జేఈఈలో రాలేదు. రెండు ప్రైవేటు యూనివర్సిటీల ఎంట్రన్స్‌లు రాశాడు, అక్కడా రాలేదు. వెబ్ కౌన్సెలింగ్‌లో చివరి విడత కూడా అయిపోయింది, సీటు అలాట్ కాలేదు. నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. వాడు మధ్యలోనే ఆపాడు.

"అది కాదన్నా. రిజల్ట్‌కు ముందు అమ్మా నేనూ అహోబిలం పోయినాం. సీటొస్తే వచ్చి గుండు కొట్టించుకుంటానని మొక్కుకున్నా. కాలేజీలు వద్దన్నాయంటే సరే, నా ర్యాంకు అట్లుంది. స్వామి కూడా వద్దన్నాడు కదన్నా?"

నిజం చెప్తున్నా, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. భక్తి ఛానల్ నడుపుతున్నా గానీ ఆ రాత్రి నోట మాట రాలేదు. "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగాను. "లేదు" అన్నాడు. "పోయి తిను, నేను లైన్‌లోనే ఉంటా" అన్నాను. వాడు వంటింట్లోకి పోయి, గిన్నె మూత తీసి, సంగటి పెట్టుకుని తినే దాకా ఫోన్ పెట్టలేదు. ఆ శనివారం బెంగళూరు నుంచి బస్సెక్కి మైదుకూరు పోయాను. ఆదివారం పొద్దున్నే వాణ్ని బండి మీద ఎక్కించుకుని చాగలమర్రి, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం బయల్దేరాను.

నాకూ ఒక సంవత్సరం ఇలాగే గడిచింది

దారిలో వాడికి చెప్పిన కథ మీకూ చెప్తాను. మాది బేతంచెర్ల. నాన్న నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పని చేసేవాడు. 2015లో నేను ఇంటర్ అయ్యి ఎంట్రన్స్ రాశాను. ర్యాంకు బాగా రాలేదు. అయినా నా పట్టుదల తగ్గలేదు. వెబ్ ఆప్షన్లలో పేరున్న కాలేజీలు పన్నెండు మాత్రమే పెట్టాను. "వీటిలో వస్తే చదువుతా, లేకపోతే లేదు" అన్నాను. పన్నెండింటిలో ఒక్కటీ రాలేదు. ఆప్షన్ పెట్టని కాలేజీలో సీటు ఎలాగూ ఇవ్వరు కాబట్టి చేతికి ఏమీ దక్కలేదు.

మూడు వారాలు గది దాటి బయటికి రాలేదు. పూజ గదిలోకి పోవడం కూడా మానేశాను. అమ్మ ఒక్కతే దీపం పెట్టుకునేది. ఒక రోజు నాన్న వచ్చి, "ఊరికే కూర్చోకురా, యూనిట్‌కు రా. లారీ లోడు లెక్క రాసేవాడు మానేసినాడు" అన్నాడు. కోపంగానే పోయాను.

అక్కడ పని ఇది: ఏ సైజు రాయి ఎన్ని, మొత్తం ఎన్ని చదరపు అడుగులు, ఎంత విరిగింది, ఎంత బాకీ. అంతా ఒక నోట్‌బుక్‌లో రాయాలి. రోజూ ఎక్కడో ఒక చోట లెక్క తప్పేది, సాయంత్రం గొడవ అయ్యేది. నేను నెట్ సెంటర్‌కు పోయి ఎక్సెల్‌లో ఒక షీట్ తయారు చేశాను. సైజు, సంఖ్య వేస్తే అడుగులు తానే చూపించేది. రెండు నెలల్లో గొడవలు తగ్గాయి. కంప్యూటర్ పని నాకు ఇష్టమని తెలిసింది అక్కడే, ఆ రాతి దుమ్ములోనే.

మరుసటి ఏడాది మళ్లీ రాశాను. సీటు వచ్చింది. ఏ కాలేజీలో అంటే, మొదటి ఏడాది నేను ఆప్షన్ కూడా పెట్టని కాలేజీలో! ఆ చదువుతోనే ఈ రోజు నా ఉద్యోగం.

బడి వద్దన్న పిల్లవాడు

ఎగువ అహోబిలం కొండల్లో ప్రహ్లాద బడి అని ఒక రాతి గుహ ఉంది. ప్రహ్లాదుడు చదువుకున్న చోటు అదేనని పెద్దల నమ్మకం. వాణ్ని అక్కడ కూర్చోబెట్టి, ఆ బడిలో ప్రహ్లాదుడి రిజల్ట్ ఏంటో గుర్తు చేశాను.

భాగవతం సప్తమ స్కంధం కథ మీ అందరికీ తెలిసిందే. గురువులు శుక్రాచార్యుడి కొడుకులు, చండామార్కులు. ఆ రోజుల్లో అంతకంటే పేరున్న కాలేజీ లేదనుకోండి. ఫీజు కట్టింది సాక్షాత్తూ చక్రవర్తి. ధర్మార్థకామాలు, రాజనీతి అక్కడి సిలబస్. ప్రహ్లాదుడు అవి నేర్చుకోలేక కాదు. నేర్చుకున్నాడు, కానీ అవే జీవితం అని మాత్రం ఒప్పుకోలేదు. తండ్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని "ఏం నేర్చుకున్నావు నాయనా" అని అడిగితే హరి మాటే చెప్పాడు. మళ్లీ బడికి పంపారు. మళ్లీ అడిగారు. మళ్లీ అదే జవాబు. గురువులు "మా తప్పేం లేదు, మేం చెప్పింది ఇది కాదు" అని తప్పుకున్నారు. తండ్రి ఒళ్లో నుంచి తోసేశాడు. అంటే బడి వద్దంది, ఇల్లు కూడా వద్దంది.

గురువులు ఇంటి పనుల మీద బయటికి పోయినప్పుడు ఆ పిల్లవాడు ఏం చేశాడో గమనించండి. తోటి పిల్లలు ఆటకు పిలిస్తే వాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని, తనకు తెలిసింది ప్రేమగా చెప్పాడు. తనను మెచ్చని బడిలోనే, గురువు లేని ఆ కాస్త సమయంలో, తను చేయగలిగిన పని చేశాడు.

స్వామి వచ్చింది ఎక్కడి నుంచి? వైకుంఠం నుంచి గరుడుడి మీద దిగలేదు. చండామార్కుల బడిలో నుంచీ రాలేదు. ప్రహ్లాదుణ్ని కాదన్న ఆ సభలోనే, అందరూ రోజూ చూస్తూ పక్కనుంచి పోయే స్తంభంలో నుంచి వచ్చాడు. జ్వాలా నరసింహ స్వామి గుడి దాటి ఇంకా పైకెక్కితే కనిపించే ఉగ్రస్తంభం అదేనని నమ్ముతాం. చాలామంది అంత దూరం ఎక్కలేక కింద నుంచే దండం పెడతారు.

మా తమ్ముడికి చెప్పింది ఇదే. "నువ్వు నాలుగు గేట్ల దగ్గర నిలబడి స్వామిని వెతికినావు. గేటు తెరుచుకుంటే ఉన్నాడు, తెరుచుకోకపోతే లేడు అనుకున్నావు. ఆయన స్తంభంలో ఉంటాడురా. మీ ఇంట్లో స్తంభం ఏదో చూసుకో."

నాకు ఆ స్తంభం నాన్న యూనిట్‌లోని లెక్కల నోట్‌బుక్. అప్పుడు మాత్రం అది శిక్ష అనుకున్నాను.

మొక్కు సంగతి

"మరి మొక్కు?" అని అడిగాడు వాడు. అడగాల్సిన ప్రశ్నే.

మొక్కుకోవడం తప్పని నేను అనను. కష్టంలో బిడ్డ అమ్మను అడగడంలో తప్పేముంది? కానీ ప్రహ్లాదుడు చివర్లో ఏం చేశాడో చూడండి. హిరణ్యకశిపుడు పోయాక స్వామి స్వయంగా వరం కోరుకోమన్నాడు. ఏదైనా అడగొచ్చు. ప్రహ్లాదుడు అడగలేదు. ఏదో వస్తుందని లెక్క వేసుకుని కొలిస్తే అది బేరం అవుతుంది, భక్తి అవదు అన్న అర్థంలో చెప్పాడు. మనసులో కోరికలు మొలవకుండా ఉండడమే తనకు వరం అన్నాడు.

మనం అంత ఎత్తుకు ఎదగలేదు, ఒప్పుకుంటాను. కానీ ఒక్క సంగతి పట్టుకోవచ్చు. ప్రహ్లాదుడికి విషం పెట్టారు, ఏనుగులతో తొక్కించారు, నిప్పుల్లో వేశారు, కొండ మీద నుంచి తోశారు. స్వామి ఆ కష్టాలేవీ రాకుండా ఆపలేదు. ప్రతి కష్టంలోనూ వాడితో పాటు ఉన్నాడు. "నా మీద దయ ఉంటే కష్టం రానివ్వడు" అనుకుంటే ప్రహ్లాదుడి మీద స్వామికి దయ లేదనాలి. అలా ఎవరైనా అనగలరా?

కాబట్టి సీటు రాలేదంటే స్వామి వద్దన్నట్టు కాదు. నువ్వు మొక్కుకున్న రోజు ఎంత దగ్గరగా ఉన్నాడో, రిజల్ట్ వచ్చిన రోజూ అంతే దగ్గరగా ఉన్నాడు. గుండు కొట్టించుకోవాలనిపిస్తే ఇప్పుడైనా కొట్టించుకో. సీటుకు కూలిగా మాత్రం వద్దు.

తప్పు మొత్తం నీదేనా?

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్తాను. వెబ్‌సైట్ తెరుచుకోనప్పుడు ఒక్కోసారి 400 అని వస్తుంది. అంటే మనం పంపిన రిక్వెస్ట్‌లోనే తప్పుంది, సరిచేసుకుని పంపాలి. ఒక్కోసారి 503 వస్తుంది. అంటే రిక్వెస్ట్ బాగానే ఉంది, సర్వర్ దగ్గరే ఇప్పుడు తీసుకునే స్థితి లేదు. కాలేజీ "లేదు" అన్నప్పుడు ఈ రెండూ కలిసే ఉంటాయి. కొంత మన చదువులో లోటు. కొంత సీట్లు తక్కువ, రాసేవాళ్లు ఎక్కువ. మనం మాత్రం రెండింటినీ కలిపి "నేనే పనికిరాను" అని చదువుకుంటాం.

గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు ఏ పనికైనా ఐదు కారణాలు చెప్తాడు. అధిష్ఠానం, అంటే పని జరిగే చోటు, ఈ శరీరం. కర్త, అంటే చేసేవాడు. కరణం, అంటే పనిముట్లు. చేష్ట, అంటే ప్రయత్నం. ఐదోది దైవం. ఇలా ఉండగా తానొక్కడే చేస్తున్నానని అనుకునేవాడు సరిగా చూడట్లేదని కూడా చెప్తాడు. ర్యాంకు వచ్చినప్పుడు "నా గొప్ప" అనడం ఎంత తప్పో, రానప్పుడు "అంతా నా తప్పే" అనడం కూడా అంతే తప్పు. ఐదింటిలో నీ చేతిలో ఉన్న వాటిని చూసుకో, సరిచేసుకో. మిగిలినవి నీ నెత్తిన వేసుకోకు.

నరసింహుడి ఇంటి మరో భక్తుడు

శ్రీనివాస రామానుజన్ గురించి చదివే ఉంటారు. ఆయన కులదైవం నామక్కల్ నామగిరి తాయారు, అంటే అక్కడి నరసింహ స్వామి దేవేరి. లెక్కలన్నీ ఆ తల్లి దయ అనేవాడు.

ఆయన కుంభకోణం కాలేజీలో చేరి, లెక్కలు తప్ప మిగతా సబ్జెక్టులు పట్టించుకోక స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. 1905లో ఇంట్లో చెప్పకుండా ఎక్కడికి పోయాడో తెలుసా? మన విశాఖపట్నం! తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరాడు. ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు. మళ్లీ రాసి మళ్లీ తప్పాడు. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. కానీ నోట్‌బుక్ మూయలేదు. తర్వాత నెల్లూరు కలెక్టర్ రామచంద్రరావు ఆ నోట్‌బుక్‌లు చూసి కొంతకాలం నెలకు 25 రూపాయలు ఇచ్చాడు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తా అయ్యాడు. ఇంగ్లండ్ ప్రొఫెసర్లకు ఉత్తరాలు రాస్తే మొదట ఎవరూ సాయం చేయలేదు. 1913లో హార్డీ చదివాడు. 1918లో రామానుజన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు.

ఈ కథ చెప్తే వెంటనే "నువ్వూ రామానుజన్ అవుతావు" అంటారు. నేను అనను. మనం అవ్వం, అవ్వక్కర్లేదు కూడా. నేను తీసుకున్నది చిన్న విషయం. కాలేజీ వద్దన్నా ఆయన నోట్‌బుక్ తెరిచే ఉంది. నామగిరి తల్లి సాయం ఆయనకు చేరింది ఏ కాలేజీ గేటులో నుంచో కాదు, ఆ నోట్‌బుక్‌లో నుంచి.

నాన్న మాట్లాడటం లేదా?

తిరిగి వచ్చేటప్పుడు వాడు మెల్లగా బయటపెట్టాడు. వారం నుంచి చిన్నాయన వాడితో మాట్లాడటం లేదు. హాస్టల్ ఫీజు, కోచింగ్ ఫీజు అంతా పసుపు డబ్బే, కొంత అప్పు. మన నాన్నలు హిరణ్యకశిపులు కాదు. భయపడ్డ మనుషులు. వాళ్ల మౌనం సగం కోపం, సగం ఏం చెప్పాలో తెలియకపోవడం.

ప్రహ్లాదుడు తనకోసం ఏ భోగమూ కోరలేదని చెప్పాను కదా. తండ్రి కోసం మాత్రం అడిగాడు. తనను చంపించాలని చూసిన తండ్రికి ఆ పాపం అంటకుండా చూడమన్నాడు. అంతటి తండ్రి మీదే అంత ప్రేమ ఉంచుకోగలిగితే, మన కోసం అప్పు చేసిన నాన్న దగ్గరికి మనమే ముందు పోలేమా?

ఇంటికి చేరేసరికి సాయంత్రం అయింది. చిన్నాయన పొలం దగ్గరున్నాడు. వాణ్ని అక్కడికే తీసుకుపోయాను. వాళ్ల పసుపుకు నీళ్లొచ్చేది కేసీ కెనాల్ నుంచి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి కర్నూలును కడపను కలిపే కాలువ అది. 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ పడవలు నడుపుదామని, నీళ్ల మీద లాభం తీద్దామని తవ్వించింది. అనుకున్న లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది. కంపెనీ లెక్కలో అది ఫెయిల్. కానీ ఆ కాలువ గట్టునే మా చిన్నాయన పంట ఉంది. మొదట అనుకున్న పనికి రానిది ఎందుకూ పనికిరాదని ఎవరన్నారు?

వాడు వాళ్ల నాన్న పక్కన కూర్చుని, "నాయనా, డబ్బు పోయింది నా వల్లే. నాకేం చేయాలో తెలీడం లేదు" అన్నాడు. చిన్నాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "డబ్బుదేముందిలే రా. నువ్వు రాత్రిళ్లు నిద్రపోకుండా తిరుగుతాంటే నాకు భయమైతాంది" అన్నాడు. అంతే. వారం మౌనం ఆ రెండు మాటలతో తీరింది.

ఇప్పుడు ఏం చేయాలి?

పురాణం విన్నాక పని కూడా కావాలి. నాకు తెలిసినంత చెప్తాను.

మొదటిది, బతికి ఉండటం. ఇది చెప్పడానికే కెమెరా ముందు గొంతు రాలేదు. 2015లో ఆ మూడు వారాల్లో ఒక రాత్రి నాకూ చెడ్డ ఆలోచన వచ్చింది. అమ్మ నీళ్లకు లేచి లైటు వేసింది కాబట్టి ఆ రాత్రి గడిచింది. మీకూ అలాంటి ఆలోచన వస్తే పక్కగదిలో వాళ్లను లేపండి, సిగ్గుపడకండి. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. రాత్రిపూట ఏ నిర్ణయమూ తీసుకోకండి.

రెండోది, కౌన్సెలింగ్ నిజంగా అయిపోయిందా, ఇంకో విడత, స్పాట్ అడ్మిషన్లు ఉన్నాయా చూడండి. ఆప్షన్లు పెట్టేటప్పుడు నాలాగా పన్నెండుతో ఆగకండి. ఇష్టమైనవి పైన పెట్టి, ర్యాంకుకు వచ్చేవి కింద చాలా పెట్టండి.

మూడోది, పక్క దారులు. బీఎస్సీ మ్యాథ్స్ గానీ డిప్లొమా గానీ చేసి ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు, వాళ్ల క్వాలిఫయర్ పాసైతే చాలు. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా వినొచ్చు.

నాలుగోది, లాంగ్ టర్మ్ తీసుకుంటే ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని, ఒక్క ఏడాది అని గీత గీసుకుని తీసుకోండి. పోయినసారి ఏం తప్పిందో కాగితం మీద రాయలేకపోతే ఆ ఏడాది కూడా అలాగే పోతుంది.

ఐదోది, "ఈ రోజే కట్టకపోతే సీటు పోతుంది" అనే బ్రోకర్‌కు రూపాయి ఇవ్వకండి. కాలేజీకి అనుమతులు ఉన్నాయో లేదో ఏఐసీటీఈ, యూజీసీ సైట్లలో చూశాకే డబ్బు కట్టండి.

ఇక పూజ. నలభై ఒక్క రోజులు సాయంత్రం దీపం పెట్టి పది నిమిషాలు కూర్చోండి. ఏ నామమైనా సరే. సీటు అడగొద్దు. "స్వామీ, రేపు నేను చేయాల్సిన పని చూపించు" అని అడగండి. లేచాక ఆ పని ఒక కాగితం మీద రాసి, మర్నాడు అది చేయండి.

మా తమ్ముడికి ఇంకా సీటు రాలేదు. వచ్చిందని రాస్తే మీకు బాగుండేది గానీ నిజం అది కాదు. డిగ్రీకి అప్లై చేశాడు, ఈసెట్ గురించి కనుక్కుంటున్నాడు. చిన్నాయన పసుపు లెక్కలు ఇప్పుడు వాడే రాస్తున్నాడు. మొన్న స్వాతి నక్షత్రం రోజు, అంటే నరసింహ స్వామి నక్షత్రం రోజు, వాళ్లమ్మతో కలిసి మళ్లీ కొండకు పోయొచ్చాడు.

"ఏం మొక్కుకున్నావురా?" అని అడిగాను.

"ఏం లేదన్నా. ఊరికే చూసొచ్చినా" అన్నాడు.

ఆ మాట విన్న రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

అహోబిలం లక్ష్మీనరసింహ స్వామి మిమ్మల్ని, మీ ఇంట్లో వాళ్లను చల్లగా చూడాలి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.